మాజీ సైనికునికి చివరి రోజులలో తోడు

హోసూరు కానివ్వండి, కోలారు కానివ్వండి, వేలూరు కానివ్వండి, మన సరిహద్దు తెలుగు పల్లెలలో పటాలానికి వెళ్ళి వచ్చినవారు చాలామందే కనిపిస్తారు. బెంగళూరులోని మద్రాసు ఇంజనీరు గ్రూపులోనో, నీలగిరుల్లో వెల్లింగ్టన్ కేంద్రంగా ఉన్న మద్రాసు రెజిమెంటులోనో పనిచేసి, పెట్టె మోసుకుని ఇల్లు చేరినవారు. 1971 యుద్ధంనాటి ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఈనాడు డెబ్భై దాటిన ముసలివాడు. వీరిలో ఒకరికి నయం కాని జబ్బు వస్తే, ఆ ఇంటికి తోడుగా వెళ్ళదలచినవారు ఏం నేర్చుకోవాలి? ఈనాటి మన ముచ్చట అదే.

జబ్బు నయం కాదని తేలాక కూడా చేయవలసిన వైద్యం ఒకటి ఉంది. దానిని పాలియేటివ్ కేర్ అంటారు, తెలుగులో ఉపశమన చికిత్స. నొప్పి, ఆయాసం, వాంతి, నిద్రలేమి, దిగులు, వీటిని తగ్గించడమే దాని పని. చివరి నెలల్లో ఇచ్చే ఇటువంటి సేవకు హాస్పిస్ అని పేరు. లండనులో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించిన సిసిలీ సాండర్స్ నర్సుగా, సమాజసేవకురాలిగా పనిచేసి, ఆపైన డాక్టరు చదివిన మనిషి. నొప్పి ఒంటికి మాత్రమే కాదు, మనసుకూ, సంసారానికీ, నమ్మకానికీ కూడా ఉంటుందని ఆమె చెప్పింది. మన దేశంలో 1993లో కోళికోడులో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ మొదలైంది. తరువాత కేరళలో మామూలు ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది, నర్సుల వెంట ఇళ్ళకు వెళ్ళసాగారు. మనకు దగ్గరలో బెంగళూరు కరుణాశ్రయ క్యాన్సరు రోగులకు డబ్బు తీసుకోకుండానే ఈ సేవ చేస్తోంది. వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలోనూ ఈ విభాగం ఉంది.

మరి సైనికుడికి వేరుగా నేర్చుకోవలసింది ఏముంది అంటారా? నాకు ఈ సంగతి మా వీధిలోనే తెలిసింది.

మా వీధిలో ఒక హవల్దారు మామ ఉండేవారు. క్యాన్సరు వెన్నులోకి దిగింది. డాక్టరు అరవంలో "నొప్పి ఎలా ఉంది?" అని అడిగితే ఆయన పడుకునే భుజాలు సర్దుకుని "పరవాలేదు సార్" అనేవారు. డాక్టరు మామూలు నొప్పి మాత్రలు రాసి పంపేవారు. రాత్రి మాత్రం అత్తమ్మతో అనేవారట: "కాలు జివ్వుమని లాగుతా ఉండాది, నిప్పులు పోసినట్ల ఉండాది." ఒక రోజు నేను వెంట వెళ్ళి ఈ మాటలనే అరవంలోకి మార్చి చెప్పాను. డాక్టరు కలం ఆపి, "ఇది నరం నొప్పి, దీనికి మందు వేరే" అన్నారు. మూడు వారాలు ఆ మనిషి వృథాగా బాధపడ్డారు. తప్పు డాక్టరుదని నేను అనను. ఆయన అడిగారు, ఈయన చెప్పలేదు.

నొప్పి బయటికి చెప్పుకోవడం పిరికితనమని వయసులో నేర్చుకున్న పాఠం ముసలితనంలో అంత సులభంగా పోదు. అమెరికాలో 2010లో అక్కడి హాస్పిస్‌ల జాతీయ సంస్థ, మాజీ సైనికుల శాఖ కలిసి ఒక కార్యక్రమం మొదలుపెట్టాయి. అందులో ముందు నేర్పేది ఒక చిన్న ప్రశ్న: మీరు సైన్యంలో పనిచేశారా? ఎప్పుడు, ఎక్కడ, ఏ పని అని ఆ తరువాత అడుగుతారు. మనమూ అడగవచ్చు. "నొప్పి ఉందా" అంటే లేదంటారు. "రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది మామా? పక్క తిరగడానికి ఏది అడ్డం వస్తోంది?" అని అడగండి, చెబుతారు. పోటు, సలుపు, మంట, తిమ్మిరి, గుంజుడు: మన తెలుగులో ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క అర్థం ఉంది. మంట, తిమ్మిరి అంటే నరం మీద అనుమానం కలగాలి. కడుపులో మెలిపెట్టినట్లుంటే అది వేరే సంగతి. రెండు భాషలు వచ్చిన మీరు ఆ మాటను ఉన్నదున్నట్లుగా డాక్టరుకు చేర్చడమే పెద్ద సేవ. "నొప్పిగా ఉందట" అని కుదించకండి.

మార్ఫిన్ అనగానే మన ఇళ్ళలో భయం. క్యాన్సరు నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు నోటి ద్వారా ఇస్తే వ్యసనమవుతుందన్న భయం అక్కరలేదు. మలబద్ధకం మాత్రం తప్పదు, దానికి మందు మొదటి రోజునుంచే అడగాలి. ఇదివరకు ఈ మందు ఉంచుకోవడానికి ఆసుపత్రులు ఎన్నో అనుమతులు తెచ్చుకోవలసి వచ్చేది. 2014లో చట్టం సవరించి ఆ దారి సులభం చేశారు.

ఇంకొక మాట. జబ్బు ముదిరినప్పుడు కొందరు రాత్రివేళ ఉలిక్కిపడి లేస్తారు, ఏనాటివో హిందీ ఆజ్ఞలు అరుస్తారు. వెనుకనుంచి వెళ్ళి పట్టుకోకండి. కాళ్ళవైపు నిలబడి, దీపం వేసి, మీ పేరు చెప్పి, తరువాత చెయ్యి తాకండి. యుద్ధం కథలు చెప్పమని బలవంతం చేయకండి. చెప్పదలచినప్పుడు మాత్రం పని ఉందని లేవకండి.

కాగితాల సంగతి కూడా తోడు వెళ్ళినవారు చూడవలసిందే. పింఛను పొందే మాజీ సైనికులకు ఈ.సి.హెచ్.ఎస్. అనే ఆరోగ్య పథకం 2003 ఏప్రిల్ నుంచి ఉంది. కార్డు ఉందా, దగ్గరి పాలీక్లినిక్ ఏది అని ముందే తెలుసుకోండి. పింఛను ఉత్తరువులో భార్య పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో చూడండి. మన సరిహద్దులో ఇది పెద్ద చిక్కు. పేరు ఒకచోట తెలుగు పలుకుబడితో, ఒకచోట అరవం పలుకుబడితో ఇంగ్లీషులోకి ఎక్కుతుంది.

మా హవల్దారు మామను లోలోపల తొలిచింది నొప్పి ఒక్కటే కాదు, ఇదీనూ. అత్తమ్మ పేరులో రెండు అక్షరాల తేడా. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి మూడుసార్లు తిరిగి దరఖాస్తు పెట్టాము. సరిచేసిన కాగితం వచ్చిన రోజున ఆయనకు కళ్ళజోడు పెట్టి చేతికిచ్చాను. ఒక్కొక్క అక్షరం వేలితో చూసుకుని, "అయ్యవారూ, ఇంక ఆ రాత్రి మాత్ర ఇవ్వమనండి" అన్నారు. అంతవరకు, మాత్ర వేస్తే మత్తులో ఎక్కడ సంతకం తప్పుతుందోనని, సగం రోజులు నాలుక కింద దాచి ఉమ్మేసేవారట.