మీకు తెలుసా? వరి ఊరి కళ్ళతో స్పెయిన్ భోజనం

పుదుచ్చేరి వైట్ టౌన్‌లో ఫ్రెంచి వంటలు కావలసినన్ని దొరుకుతాయి. అక్కడికి దక్షిణంగా 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న బాహూరులో మాత్రం స్పెయిన్ భోజనం కోసం వెతకడం దండగ. అయినా ఈ వారం ముచ్చట్లు బాహూరు నుంచే మొదలవ్వాలి. పుదుచ్చేరికి ధాన్యాగారమని పేరున్న ఊరది. దక్షిణ పినాకిని నీటిని బంగారు కాలువ మోసుకొచ్చి బాహూరు చెరువు నింపుతుంది. పుదుచ్చేరి ప్రాంతంలో ఊసుడు చెరువు తర్వాత అదే పెద్దది. ఆ ఆయకట్టు రైతును ఒకర్ని తీసుకెళ్ళి, స్పెయిన్‌లో ఏ పాతకాలపు హోటల్లోనో బల్ల ముందు కూర్చోబెడితే, వైట్ టౌన్ హోటల్లో కంటే అక్కడే కొత్త తక్కువగా ఉంటుందని నా నమ్మకం.

ఎందుకంటారా? స్పెయిన్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే వంటకం పాయెయా, అంటే అన్నం. వరి ఆ దేశానికి పుట్టుకతో ఉన్న పంట కాదు. ఆసియా నుంచి బయల్దేరిన వరిని అరబ్బు పాలకుల కాలంలో అక్కడ నాటారు. తూర్పు తీరాన వాలెన్సియా నగరానికి కాస్త దక్షిణంగా అల్బుఫెరా అనే పెద్ద సరస్సుంది. చుట్టూ వరిపొలాలు, తూములు, కాలువలు, గుంపులుగా దిగే పక్షులు. మేలో విత్తి సెప్టెంబరులో కోస్తారు. చలికాలంలో పొలాల్లోకి మళ్ళీ నీళ్ళు వదులుతారు, పక్షులకు అదో పండగ. 1986 నుంచి అదంతా రక్షిత ప్రాంతం. నగరానికి దక్షిణాన చెరువు, చెరువు కింద వరి అన్న పోలిక కాకతాళీయమే గానీ, పటం ముందేసుకుని చూస్తే ముచ్చటేస్తుంది.

అసలు వాలెన్సియా పాయెయాలో రొయ్యలుండవని తెలుసా? కోడి, కుందేలు, పచ్చి చిక్కుడు, వెడల్పాటి తెల్ల చిక్కుడు గింజలు, టమాటా, ఆలివ్ నూనె, కుంకుమపువ్వు, బియ్యం, నీళ్ళు. పొలం పక్కన ఏది దొరికితే అదే. కొందరు నత్తలు కూడా వేస్తారు. రొయ్యలు, ఆల్చిప్పలు వేసి వండేది వేరే రకం, దాన్నీ ఇష్టంగానే తింటారు. కానీ 2016లో జేమీ ఆలివర్ అనే ఇంగ్లీషు వంటగాడు పాయెయాలో మసాలా సాసేజి వేసినట్టు చెప్పేసరికి స్పెయినంతా విరుచుకుపడింది. 2021లో వాలెన్సియా ప్రభుత్వం పాయెయాను తమ సాంస్కృతిక వారసత్వంగా అధికారికంగా ప్రకటించింది. వంటకు ప్రభుత్వ ముద్ర ఎందుకని నవ్వుకోవచ్చు గానీ, పులిహోరలో ఎవరైనా కెచప్ పోస్తే మనమెంత శాంతంగా ఉంటామో చూడాలి.

బియ్యం సంగతి ఇంకా బాగుంటుంది. మనకు సన్నగా, పొడుగ్గా, పొడిపొడిగా ఉండాలి. వాళ్ళకు పొట్టిగా, లావుగా ఉండాలి. బోంబా అనే రకానికి గిరాకీ ఎక్కువ. అది తన పరిమాణానికి రెండు మూడింతల నీళ్ళు తాగి కూడా మెతుకు చెదరకుండా నిలబడుతుంది. బియ్యం కడగరు, పోసిన తర్వాత గరిటె పెట్టరు. పెనం చాలా వెడల్పు, లోతు తక్కువ, అన్నం వేలి మందమే ఉంటుంది. కొలత గ్లాసులు లేకుండా పాత వంటవాళ్ళు లెక్క ఎలా చూసేవారంటే, మరుగుతున్న రసంలో ఆ చివర నుంచి ఈ చివరకు బియ్యాన్ని ఒక గట్టులా పోసేవారు. గట్టు రసానికి కాస్త పైన తేలితే సరి. పొలంలో వేసే గట్టుకు వాళ్ళకున్న పేరే వంటలో ఈ వరుసకూ ఉంది. ఆపైన చివరి నిమిషాల్లో మంట పెంచుతారు, అడుగు మాడాలని. మనింట్లో అడుగంటితే వంట చేసినవాళ్ళకు చీవాట్లు, అక్కడ అడుగంటిన పెచ్చు కోసం పోటీ. అందరూ పెనం చుట్టూ కూర్చుని, ఎవరి ముందున్న భాగాన్ని వాళ్ళే చెంచాతో తవ్వుకుంటూ మధ్యకు వస్తారు. పక్కవాడి హద్దులోకి చెయ్యి పెట్టకూడదు.

రాత్రి పాయెయా అడిగితే పాతకాలం వాళ్ళు వింతగా చూస్తారు. అది మధ్యాహ్న భోజనం. మరి స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం ఎప్పుడు? రెండింటికి, ఒక్కోసారి మూడింటికి. రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. బద్ధకమని ఎగతాళి చేసేముందు గడియారం సంగతి చూడండి. మాడ్రిడ్ లండన్ కంటే పడమరగా ఉంది, కానీ 1940లో నియంత ఫ్రాంకో ప్రభుత్వం దేశం గడియారాలను గంట ముందుకు జరిపి జర్మనీతో కలిపింది, తిరిగి వెనక్కి పెట్టలేదు. వేసవిలో ఇంకో గంట కలుస్తుంది కాబట్టి, అక్కడ రెండు దాటాకే సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఆలస్యానికి ఇదొక్కటే కారణం కాదనుకోండి. అయినా ఎండ లెక్కన చూస్తే వాళ్ళు తినేది మన రైతు తినే వేళకే.

గురువారం మీద రెండు చిన్న సంగతులు. మాడ్రిడ్‌లో చాలా హోటళ్ళ రోజువారీ భోజనంలో గురువారం పాయెయా ఉంటుంది, ఎందుకో తలా ఒక కథ చెబుతారు. ఆ రోజే మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి వాలెన్సియా పెద్ద చర్చి గుమ్మం ముందు నీళ్ళ పంచాయతీ కూర్చుంటుంది. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. పంచాయతీ గురించి మాత్రం బాహూరు ఆయకట్టుదారు చెవులు రిక్కిస్తాడు. 8 కాలువల తరఫున ఎన్నికైన 8 మంది రైతులు నల్లంగీలు తొడుక్కుని, ఎవరు ఎవరి వంతు నీళ్ళు మళ్ళించుకున్నారో అక్కడికక్కడే విని తీర్పు చెబుతారు. వాదనంతా నోటిమాటే. ఎవరు మాట్లాడాలో పెద్దమనిషి చేత్తో కాదు, కాలు చాపి చూపిస్తాడు. యునెస్కో 2009లో దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక హోటళ్ళ వయసు సంగతి. మాడ్రిడ్‌లోని సోబ్రినో దె బొతీన్ 1725లో మొదలైంది. ప్రపంచంలో అతి పాత రెస్టారెంటని గిన్నిస్ పుస్తకం గుర్తించింది. కట్టెల పొయ్యిలో కాల్చిన పాలు తాగే పందిపిల్ల అక్కడి పేరుమోసిన వంట. హెమింగ్వే 1926 నాటి తన నవల 'ద సన్ ఆల్సో రైజెస్' చివర్లో పాత్రలను అక్కడే భోజనానికి కూర్చోబెట్టాడు. సెగోవియాలో రోమన్ల నాటి నీటివంతెన పక్కన మెసోన్ దె కాందిదో అనే హోటలుంది. పందిపిల్ల ఎంత మెత్తగా కాలిందో చూపించడానికి కత్తి లేకుండా పళ్ళెం అంచుతోనే కోసి, ఆ పళ్ళేన్ని నేలకేసి కొట్టడం అక్కడి ఆచారం. సెవిల్లెలో 1670 నాటి ఎల్ రింకొన్‌సియో కొట్లో మీరు తిన్నదాని లెక్క కర్రబల్ల మీదే సుద్దముక్కతో రాస్తారు. డబ్బిచ్చాక తుడిచేస్తారు.

శాకాహారులకు ఒక మాట. కూరగాయల వంటకమని రాసి ఉన్నా, ఎండబెట్టిన పంది తొడమాంసం ముక్కలు అందులో ఉంటాయేమో అడిగి తీరాలి. వెల్లుల్లి, టమాటా రుద్దిన రొట్టె నిశ్చింతగా తినవచ్చు. గుడ్డు తినేవాళ్ళకైతే బంగాళాదుంప అట్టుంది. అందులో ఉల్లిపాయ వెయ్యాలా వద్దా అన్నది అక్కడ తెగని తగాదా.

కారం మాత్రం మన నాలుకకు చాలదు. కొలంబస్ ఓడలు అమెరికా ఖండం నుంచి తెచ్చిన మిరప స్పెయిన్‌కు, పోర్చుగీసువాళ్ళ చేతుల మీదుగా మనకూ చేరింది. మనవాళ్ళు కల్లాల్లో ఎండబెడతారు. స్పెయిన్ పడమటన లా వేరాలో కోతల వేళకు వానలు పడతాయి కాబట్టి, కాయల్ని ఓక్ కట్టెల పొగ మీద రెండు వారాల దాకా ఆరబెట్టి దంచుతారు. వాళ్ళ కారానికి ఆ పొగవాసన అలా అంటింది.

ఆఖర్న, దాహానికి. వాలెన్సియా వైపు ఎండాకాలంలో గ్లాసుల్లో పోసి అమ్మే తెల్లటి చల్లని పానీయం ఓర్చాతా. పాలలా ఉంటుంది గానీ పాలు కావు. నేలలోంచి తవ్వి తీసిన చిన్న గడ్డల్ని నానబెట్టి, రుబ్బి, వడగట్టి, పంచదార కలిపి చేస్తారు. ఆ మొక్క మన తుంగకు దగ్గరి చుట్టం. మన వరిమళ్ళలో ఎంత పీకినా మళ్ళీ మొలుస్తుందని తిట్టుకునే తుంగజాతిలోదాన్నే వాళ్ళు చాళ్ళు తీసి సాగు చేస్తున్నారు, ఆ గడ్డలకు ఊరి పేరుతో నాణ్యత ముద్ర కూడా వేయించుకున్నారు. బాహూరు రైతు ఈ సంగతి వింటే ముందు నమ్మడు, తర్వాత కిలో ఎంతని అడుగుతాడు.