ఉపసంహరణ నాటికే ముగిసే ఎన్నిక

తిరుపతి, చిత్తూరు లోక్‌సభ స్థానాలు రెండూ ఎస్సీ రిజర్వుడు. సత్యవేడు, గంగాధర నెల్లూరు, పూతలపట్టు శాసనసభ స్థానాలూ అంతే. ఇలాంటి చోట దళితుడు ఎన్నికల్లో నిలబడటం వింత కాదు. ఏ పార్టీ కండువా లేకుండా, అదీ జనరల్ వార్డులో నిలబడటం మాత్రం నేటికీ వింతే. 2021 మున్సిపల్ ఎన్నికల్లో ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ఒక పట్టణంలో నేను అలా నిలబడ్డాను. డిపాజిట్ దక్కించుకోవాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు రావాలి. నాకు అందులో సగమూ రాలేదు. అయితే బ్యాలెట్ పత్రం మీద నా పేరు చివరిదాకా మిగిలింది. ఆ ఏడాది మా జిల్లాలో అదేమంత చిన్న సంగతి కాదు.

ప్రచారంలో నాకు ఎక్కువగా ఎదురైన ప్రశ్న తాగునీటి గురించో మురుగు కాలువ గురించో కాదు. ఒక పెద్దాయన అరుగు మీద కూర్చోబెట్టి, మర్యాదగానే అడిగాడు: ‘‘ఏం నాయనా, మీకంటూ వార్డు పెట్టినారు గదా, మా దాంట్లోకి ఎందుకొస్తివి?’’ రాజ్యాంగంలోని 243-టి అధికరణం జనాభా నిష్పత్తిలో ఎస్సీ, ఎస్టీలకు స్థానాలు కేటాయించమన్నది. మిగిలిన స్థానాలు ఫలానా కులాలవని ఎక్కడా అనలేదు. జనరల్ అంటే అందరిదీ అని అర్థం. కానీ వ్యవహారంలో అది ‘మాది’ అయింది. కనీస హక్కుగా ఇచ్చిన రిజర్వేషనే మాకు గరిష్ఠ హద్దుగా మారింది.

నామినేషన్‌కు డబ్బు పెద్ద అడ్డంకి కాదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ అభ్యర్థులకు డిపాజిట్ సగమే. అసలు కష్టం ప్రతిపాదకుడి దగ్గర మొదలవుతుంది. నామినేషన్ పత్రం మీద ఆ వార్డు ఓటరు సంతకం కావాలి. మా వాడలో సంతకం చేయగలవారికి కొదవ లేదు. కానీ ఒకరు కాంట్రాక్టరు కింద పారిశుద్ధ్య పని చేస్తారు. ఇంకొకరి టీ బంకు మున్సిపాలిటీ స్థలంలో ఉంది. వేరొకరు ఇంటి పట్టా కోసం ఎదురుచూస్తున్నారు. అభిమానం ఉన్నా సంతకానికి చెయ్యి రాలేదు. వారిని తప్పు పట్టలేను. చివరికి సంతకం పెట్టింది రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరైన మా పెదనాన్న. ఆయన పింఛను ఊరి పెద్దల చేతుల మీదుగా రాదు. కులం గురించి మాట్లాడేటప్పుడు మనం ఆత్మగౌరవం అనే మాట తరచూ వాడుతాం. నెల తిరిగేసరికి జీతమో పింఛనో ఎవరి దయా లేకుండా చేతికి రావడం దానిలో ఎంత భాగమో ఆ రోజు తెలిసింది.

ఆ ఎన్నికకు ఇంకో ప్రత్యేకత ఉంది. 2020 మార్చి 11 నుంచి 13 వరకు నామినేషన్లు వేశాం. 15న కరోనా కారణంగా రాష్ట్ర ఎన్నికల సంఘం ప్రక్రియను నిలిపివేసింది. ఏడాది తర్వాత ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టింది. 2021 మార్చి 3 మధ్యాహ్నం 3 గంటలకు ఉపసంహరణ గడువు, 10న పోలింగ్. అంటే నామినేషన్ వేసినవాడి మీద ఒత్తిడి తేవడానికి దొరికిన సమయం రెండు రోజులు కాదు, దాదాపు ఏడాది. ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. పుంగనూరులో 31 వార్డులకు 31 ఏకగ్రీవం. చిత్తూరు కార్పొరేషన్‌లో 50 డివిజన్లకు 37 ఏకగ్రీవం. 2007లో కార్పొరేషన్ అయిన తిరుపతికి అవే తొలి ఎన్నికలు. అక్కడ ఒక డివిజన్‌లో ఉపసంహరణ పత్రం మీది సంతకం ఫోర్జరీ అన్న ఫిర్యాదుతో ఎన్నిక ఆగిపోయింది. బలవంతంగా ఉపసంహరింపజేశారన్న ఫిర్యాదులపై తిరుపతి, పుంగనూరు, రాయచోటి, ఎర్రగుంట్లలోని 14 వార్డుల్లో మళ్లీ నామినేషన్లకు ఎన్నికల సంఘం అవకాశమిచ్చింది. ఆ ఆదేశాన్ని హైకోర్టు కొట్టివేసింది.

ప్రతి ఏకగ్రీవం వెనుకా బెదిరింపు ఉందని నేననను. కానీ ఏకగ్రీవాలు ఎప్పుడూ అధికారంలో ఉన్నవారి వైపే ఎందుకు మొగ్గుతాయో చెప్పడానికి రాజకీయ శాస్త్రం చదవనక్కర్లేదు. ఆ ఏడాది పంచాయతీలకైతే ఏకగ్రీవం చేసుకుంటే జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. రచ్చబండ దగ్గర ఎవరు కూర్చుంటారో, ఎవరు నిలబడతారో తెలిసిన ఊళ్లో ‘అందరి సమ్మతి’ ఎవరి సమ్మతో వేరే చెప్పాలా?

మా జిల్లా సరిహద్దు దాటితే తమిళనాడు. అక్కడ మదురై జిల్లా మేలవళవులో ఎస్సీ రిజర్వుడు పంచాయతీ అధ్యక్షుడిగా గెలిచిన మురుగేశన్‌ను, మరో ఐదుగురిని 1997 జూన్ 30న నరికి చంపారు. అదే జిల్లాలోని పాప్పాపట్టి, కీరిపట్టిలలో రిజర్వుడు పదవికి ఎన్నిక సజావుగా జరగడానికి 2006 దాకా పట్టింది. మన దగ్గర అంత రక్తపాతం లేదు. ఇక్కడ పని మెత్తగా జరుగుతుంది: రిజర్వుడు సీటులో ఎవరు నిలబడాలో బీ-ఫారం చేతిలో ఉన్నవారు తేలుస్తారు.

1932 సెప్టెంబరు 24 నాటి పూనా ఒప్పందంలో ఒక అంశాన్ని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ప్రతి రిజర్వుడు స్థానానికీ ముందుగా అణగారిన వర్గాల ఓటర్లు మాత్రమే ఓటు వేసి నలుగురిని ఎంపిక చేయాలి. ఆ నలుగురిలో ఒకరిని ఉమ్మడి ఓటర్లు గెలిపించాలి. ప్రత్యేక నియోజకవర్గాలను వదులుకున్న అంబేద్కర్ అభ్యర్థి ఎంపికనైనా తన జనం చేతిలో ఉంచాలని చూశాడు. ఆ ప్రాథమిక ఎన్నికకు పదేళ్లే గడువు పెట్టారు, తర్వాతి రాజ్యాంగంలోకి అది రాలేదు. ఒప్పందానికి యాభై ఏళ్లు నిండిన 1982లో కాన్షీరాం ‘చెంచా యుగం’ రాసింది ఈ లోటును చూసే. ఆ తొలి వడపోత ఇప్పుడు పార్టీ కార్యాలయాల్లో జరుగుతోంది. దానికి లొంగని దళితుడికి, బీసీకి స్వతంత్ర అభ్యర్థిత్వం ఒక్కటే మిగిలింది.

స్వతంత్రుల్లో డమ్మీలున్నారు, ఓట్లు చీల్చడానికి కిరాయికి నిలబడేవారున్నారు, బీ-ఫారం కోసం చివరి నిమిషం దాకా బేరమాడేవారున్నారు. నిజమే. వీళ్లందరినీ తయారుచేసింది పార్టీలే. 2021లో తాడిపత్రిలో ఒక స్వతంత్రుడూ ఒక సీపీఐ కౌన్సిలరూ ఎటు మొగ్గారన్నదాన్ని బట్టే ఛైర్మన్ పీఠం తేలింది. చిత్తూరులో పోలింగ్ జరిగిన 13 డివిజన్లలో ఒక స్వతంత్రుడు గెలిచాడు. ఓటు పడితే ఇలాంటివి జరుగుతాయి. అందుకే ఓటు పడనివ్వరు.

చేయవలసినవి చిన్నవే. ఉపసంహరణకు అభ్యర్థి స్వయంగా రావాలి, వీడియో ముందు చెప్పాలి, ప్రతిపాదకుడి ద్వారా పత్రం పంపడం ఆగాలి. ఒక్కరే మిగిలినా నోటాతో పోటీ పెట్టి పోలింగ్ జరపాలి. స్థానిక ఎన్నికల్లో నోటాకు ఎక్కువ ఓట్లొస్తే మళ్లీ ఎన్నిక జరపాలని మహారాష్ట్ర, హర్యానా ఎన్నికల సంఘాలు 2018లోనే ఆదేశించాయి.

2021 మార్చిలో ఏర్పడిన పాలకవర్గాలకు గడువు ఐదేళ్లే. ఈమధ్య తిరుపతిలో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, తమ వార్డులో నిలబడాలనుకుంటున్నామని, ఎంత ఖర్చవుతుందన్నా అని అడిగారు. ప్రతిపాదకుడు ఎవరని అడిగాను. ఒకడు వాళ్ల మేనత్త పేరు చెప్పాడు. ఆమె ఎక్కడ పని చేస్తుందో కనుక్కుని రమ్మన్నాను.