గోల్నాకలో చినుకు లేదు, మరి వరదెక్కడిది?

తార్నాకలో ఎండ కాస్తోంది. మూసారాంబాగ్ బ్రిడ్జి మాత్రం మూసేశారు! మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ నుంచి గోల్నాక మీదుగా క్యాంపస్‌కి వచ్చే ఫ్రెండ్స్‌కి వానాకాలంలో ఇదో పజిల్. వాన లేకుండా వరద ఎలా వస్తుంది?

చలిదేశాల్లో ఇలాంటి వరద వసంతంలో వస్తుంది. చలికాలమంతా కొండల మీద పేరుకున్న మంచు ఎండ తగలగానే కరుగుతుంది. అదే టైంలో వాన కూడా తోడైతే నది గట్టు దాటుతుంది. అంటే నెలల తరబడి దాచిన నీళ్లూ, కొత్తగా పడ్డ నీళ్లూ కలిసి దిగుతాయన్నమాట.

మన మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో. అక్కడ మంచు లేదు. మనకి నీళ్లు దాచిపెట్టేవి జంట జలాశయాలు. 1908 సెప్టెంబరు 28 నాటి మహావరద వేలమందిని బలి తీసుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

జూన్‌లో చెరువు ఖాళీగా ఉంటే ఎంత వానొచ్చినా మింగేస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుకల్లా అది నిండుతుంది, నేల కూడా తడిసి ముద్దవుతుంది. ఇక ఇంకే చోటు లేదు, ఆగే చోటూ లేదు. అప్పుడు ఎగువన మామూలు వాన పడినా గేట్లు ఎత్తాల్సిందే. ఆ నీళ్లు బాపూఘాట్ దగ్గర కలిసి, పాతబస్తీ పక్కనుంచి కొన్ని గంటల తర్వాత గోల్నాక చేరతాయి. ఆ లోపు వాన ఆగిపోయి ఎండ రావచ్చు కూడా.

గోల్నాకకి ఇంకో చిక్కుంది. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు తెచ్చే నాలా ఇక్కడికొచ్చే మూసీలో కలుస్తుంది. మూసీ మట్టం పెరిగితే నాలా నీళ్లు నదిలోకి దిగలేక వెనక్కి తంతాయి. అందుకే ఏటి ఒడ్డున లేని సందుల్లోకి కూడా నీళ్లొస్తాయి.

పాత మూసారాంబాగ్ బ్రిడ్జి ఎత్తు తక్కువ కాబట్టి చిన్న వరదకే మునిగేది. 2022 జూలైలో దాని మీద రాకపోకలు ఆపేశారు. 2025 సెప్టెంబరు చివర్లోనూ అంతే. ఆసారైతే ఎంజీబీఎస్ బస్టాండులోకే నీళ్లొచ్చాయి.

కాబట్టి ఆకాశం చూస్తే సరిపోదు, వార్తల్లో రెండు అంకెలు చూడాలి. ఒకటి, జలాశయం మట్టం. ఉస్మాన్‌సాగర్ నిండు మట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5 అడుగులు. రెండోది, వదిలే క్యూసెక్కులు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి సుమారు 28 లీటర్లు. 10,000 క్యూసెక్కులంటే సెకనుకి 5,000 లీటర్ల ట్యాంకర్లు 56 కుమ్మరించినట్టు!

మట్టం నిండుకి దగ్గరపడి, గేట్లు ఎత్తారని వింటే వేరే రూటు చూసుకోండి. మనకది అరగంట ఆలస్యం, మహా అయితే ఓ అటెండెన్స్. ఒడ్డున లోతట్టు ఇళ్లలో ఉండేవాళ్లకి మాత్రం ఆ కొన్ని గంటలే బియ్యం, పుస్తకాలు, సర్టిఫికెట్లు పైకెత్తుకునే టైం. అటు మీ ఫ్రెండెవరైనా ఉంటే, వార్త కనపడగానే ముందు ఓ ఫోన్ కొట్టండి.