పెళ్లి క్యాసెట్లు కంప్యూటర్‌లోకి: ఏ కార్డు కొనాలి?

మన సభ్యుల ఇళ్లలో చాలామందికి బీరువా మీద ఓ అట్టపెట్టె ఉంటుంది. అందులో రాబర్ట్‌సన్‌పేటలోనో, ఆండర్సన్‌పేటలోనో జరిగిన పెళ్లిళ్లు, సీమంతాల వి.హెచ్.ఎస్. క్యాసెట్లు. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. షాఫ్టు దిగిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మా పెదనాన్నగారు ఛాంపియన్ రీఫ్స్‌లో పనిచేశారు. 1991లో మా అక్క పెళ్లి క్యాసెట్‌లో, షిఫ్టుకు వెళ్లేవాళ్లను ముందు పంక్తిలో కూర్చోబెట్టమని కేకలేస్తూ కనిపిస్తారు. ఆయన గొంతు మాకు ఇంకెక్కడా లేదు.

ఈ టేపులను డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి వీడియో క్యాప్చర్ కార్డు కావాలి. టేపు మీద ఉన్నది అయస్కాంతపు గుర్తులు. వాటిని కంప్యూటర్‌కు అర్థమయ్యే అంకెలుగా మార్చడమే కార్డు పని. మన దేశపు పాల్ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు, ఒక్కో బొమ్మకు 625 గీతలు. వాటిలో బొమ్మ ఉండేవి 576. అమెరికా బంధువులు పంపిన క్యాసెట్లు ఎన్.టి.ఎస్.సి. పద్ధతివి, 525 గీతలు. కార్డూ, వి.సి.ఆర్.లూ రెండు పద్ధతులనూ తీసుకుంటాయో లేదో ముందే చూసుకోవాలి.

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో అడిగితే యు.ఎస్.బి.లో గుచ్చే చిన్న పరికరం చూపిస్తారు. పని జరుగుతుంది. కాకపోతే పాత టేపు ఒకే వేగంతో నడవదు, బొమ్మ వణుకుతుంది. నాసిరకం పరికరం ఆ తడబాటులో కొన్ని బొమ్మలను వదిలేస్తుంది. గంట గడిచేసరికి పెదవి ఒకచోట, మాట ఒకచోట! అందుకే కొనేముందు కనీసం గంటసేపు ఎక్కించి చూపమనండి. ఐదు నిమిషాల ప్రదర్శన చూసి డబ్బివ్వకండి. తడబాటును సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ ఉన్న వి.సి.ఆర్. దొరికితే, ఖరీదైన కార్డు కంటే దాని మీద పెట్టిన డబ్బే ఎక్కువ ఫలమిస్తుంది.

ఎస్-వీడియో పిన్ను ఉన్న కార్డు మేలంటారు. నిజమే, కానీ మన ఇళ్లలోని వి.సి.ఆర్.లలో చాలావాటికి పసుపు పిన్ను మాత్రమే ఉంది. హై-8 హ్యాండీక్యామ్ ఉన్నవారికి ఎస్-వీడియో ఉపయోగం. మినీ డి.వి. టేపు అయితే క్యాప్చర్ కార్డే అక్కర్లేదు. అందులో ఉన్నవి అంకెలే గనుక ఫైర్‌వైర్ కార్డు చాలు. పాత పి.సి.ఐ. కార్డు చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే కొత్త కంప్యూటర్‌లో దానికి స్లాటే ఉండకపోవచ్చు, మీ విండోస్‌కు డ్రైవరూ దొరక్కపోవచ్చు.

కత్తిరింపులు చేయదలిస్తే డి.వి. రూపంలో ఎక్కించడం సుఖం. ప్రతి బొమ్మా విడిగా ఉంటుంది, ఎక్కడైనా కోయవచ్చు. గంటకు సుమారు 13 జి.బి. పడుతుంది. మూడు గంటల క్యాసెట్‌కు 40 జి.బి. అనుకోండి. ఏ మాత్రం కుదించకుండా ఎక్కిస్తే గంటకే 75 జి.బి. దాకా పోతుంది. ఇళ్లలో అంత పట్టుదల అక్కర్లేదని నా అభిప్రాయం.

ఇంకొక సంగతి. ఆ రోజుల్లో స్టూడియోవాళ్లు మిక్సింగ్ చేసి, పూలూ హృదయాలూ అతికించి, మాటల మీద సినిమా పాటలు పరిచేవారు. పాట కింద పోయిన గొంతును ఏ కార్డూ తేలేదు. కెమెరాలో తీసిన అసలు క్యాసెట్ ఎవరి దగ్గరైనా ఉందేమో, మిక్సింగ్ ప్రతిని ఎక్కించేముందు వాకబు చేయండి.

టేపు చుట్ట మీద తెల్లని బూజు కనిపిస్తే నడపవద్దు. అది వి.సి.ఆర్. హెడ్‌కూ, అక్కడి నుంచి తర్వాతి క్యాసెట్‌కూ అంటుకుంటుంది. తెలిసినవారి చేత ముందు శుభ్రం చేయించాలి. వి.సి.ఆర్.లు చేస్తున్న చివరి సంస్థ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జూలైలో వాటి తయారీ ఆపేసింది. ఇప్పుడు నడుస్తున్న యంత్రం ఎవరింట్లో ఉన్నా నలుగురు కుటుంబాలవాళ్లు కలిసి వాడుకోవచ్చు. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలూ పడుతుంది. పక్కన ఇంటి పెద్దవారిని కూర్చోబెట్టుకుని, పంక్తిలో ఎవరెవరున్నారో పేర్లు రాసుకుంటూ ఎక్కించండి.