పిచ్చుకకు వరి కుచ్చు, పసిబిడ్డకు పని

మాదన్నపేటలాంటి పాతబస్తీ పేటల్లో పెరడున్న ఇళ్లు తక్కువ. డాబా ఉంటే ఉంటుంది, దానిమీద పావురాలూ ఉంటాయి. గింజలు చల్లితే పిచ్చుక దిగేలోగా అవే ఊడ్చేస్తాయి. దీనికి మన పల్లె పెద్దలు ఏనాడో ఉపాయం చూపారు. చూరుకు వరి కుచ్చు వేలాడదీసేవారు. ఊగే కంకిని పిచ్చుక కాళ్లతో పట్టుకొని గింజ ఒలుచుకుంటుంది. బరువైన పావురానికి అక్కడ నిలవడం కష్టం.

కోతలప్పుడు ఊరినుండి గడ్డితోసహా గుప్పెడు వరిగొలుసులు తెప్పించుకోండి. అల్లి కట్టడం పెద్దల పని. రెండేళ్ల బిడ్డచేత కంకులు ఒక్కొక్కటే అందించుకోండి. సగం నేల రాలుతాయి, రాలనివ్వండి, ఏరడమూ ఆటే. అయితే ప్రక్కనే కూర్చోవాలి సుమా! గింజ ముక్కులోకో చెవిలోకో పోవడానికి క్షణం చాలు. కుచ్చును పిల్లికి అందనంత ఎత్తున కట్టండి.

వరి దొరకనివారు కొబ్బరిచిప్పకు మూడు రంధ్రాలుచేసి, పురికొసతో వేలాడదీసి, కొర్రలో నూకలో పోయవచ్చు. ఉప్పుకారాలు కలిసిన అన్నం వద్దు. చిప్పను తరచు కడగాలి. ఎండాకాలం మట్టిమూకుడులో నీళ్లు పెట్టి రోజూ మార్చండి. పోసే పని బిడ్డదే.

గూటిలోని పిల్లలకు పిచ్చుక ఎక్కువగా పురుగులే తెచ్చి పెడుతుంది. అందుకని కుండీలోని మొక్కలకు పురుగుమందు కొట్టకండి.

మొదటి వారం ఏ పిట్టా రాకపోవచ్చు. కుచ్చు విప్పేయకండి.