రెండు చోట్ల పనిచేసే వారికి ప్రమాదం జరిగితే పరిహారం లెక్క

మన పాల సంఘాలలో పూర్తికాలం పనిచేసే సిబ్బంది బహు తక్కువ. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పాల సేకరణ. మధ్యనున్న పగలంతా టెస్టరు రైసుమిల్లులో కాటా దగ్గర వుంటాడు. క్యాన్లు మోసే హెల్పరు ఎరువుల దుకాణంలో బస్తాలు దింపుతాడు. సంఘం ఇచ్చే నాలుగు డబ్బులు, అక్కడ వచ్చే డబ్బులు కలిస్తేనే ఆ యింట్లో నెల గడుస్తుంది. ఇటువంటి మనిషికి ఒక పనిలో చెయ్యి పోయిందనుకోండి, రెండు పనులూ పోతాయి. పరిహారం మాత్రం ఒక్క పని జీతం మీదనే కడతారు. ఈ సంగతి మన పాలకవర్గ సభ్యులలో చాలామందికి తెలియదని తనిఖీలకు వెళ్లినప్పుడు గమనించాను. అందుకే ఈ నాలుగు మాటలు.

పని చేస్తూండగా, ఆ పని కారణంగా దెబ్బ తగిలితే యజమాని పరిహారం చెల్లించాలని 1923లోనే చట్టం వచ్చింది. 2010లో దాని పేరు ఉద్యోగుల పరిహార చట్టంగా మారింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది. పేరు రెండుసార్లు మారినా జీతం లెక్కగట్టే పద్ధతి మారలేదు. పరిహారం ఇవ్వవలసిన యజమాని వద్ద గడచిన పన్నెండు నెలలలో రావలసిన జీతం ఎంతో చూసి, అందులో పన్నెండవ వంతును నెల జీతంగా తీసుకుంటారు. "పరిహారం ఇవ్వవలసిన యజమాని వద్ద" అన్న మాటలోనే చిక్కంతా వున్నది.

ఉదాహరణకు ఒక హెల్పరు వయస్సు 40 ఏళ్లు. సంఘం జీతం నెలకు రూ. 3,000లు, మిల్లులో రూ. 9,000లు. సంఘం వారి మోటారు చాఫ్ కట్టరులో పచ్చగడ్డి వేస్తూండగా మణికట్టు వరకు చెయ్యి పోయింది. శాశ్వతంగా పూర్తి వైకల్యం కలిగితే జీతంలో 60 శాతాన్ని వయస్సును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి. 40 ఏళ్లకు ఆ గుణకం 184.17. మూడు వేలలో 60 శాతం 1,800. హెచ్చిస్తే రూ. 3,31,506లు. ఒక చెయ్యి పోతే సంపాదనాశక్తిలో 60 శాతం పోయినట్లు పట్టికలో వున్నది గనుక, అందులో 60 శాతం అంటే సుమారు రూ. 1,98,904లు అతనికి రావాలి.

అదే చెయ్యి అదే మనిషికి మధ్యాహ్నం మిల్లులో పోయివుంటే? అదే లెక్కన రూ. 5,96,711లు. రెండు జీతాలూ కలిపి చూసివుంటే రూ. 7,95,614లు. మనిషి ఒక్కడే, పోయింది ఒక్క చెయ్యే. పొద్దున పోయిందా, మధ్యాహ్నం పోయిందా అన్నదాని మీద దాదాపు నాలుగు లక్షల తేడా.

చిన్న దెబ్బల విషయంలోనూ ఇంతే. చెయ్యి విరిగి మూడు నెలలు కట్టుతో వుంటే, పదిహేను రోజులకొకసారి నెల జీతంలో నాలుగవ వంతు ఇవ్వాలి. మన హెల్పరుకు అది రూ. 750లు, అనగా నెలకు పదిహేను వందలు. మిల్లుకు కూడా వెళ్లలేక కూర్చున్నాడు గాని మిల్లు యజమాని ఏమీ ఇవ్వనక్కరలేదు, ప్రమాదం అక్కడ జరగలేదు గదా.

ఇందులో ఒక విచిత్రం వున్నది. శాశ్వత వైకల్యం అంటే ఏమిటో చెప్పేటప్పుడు, ఆ మనిషి ఆనాటికి చేయగలిగిన ప్రతి పనిలోనూ సంపాదనాశక్తి తగ్గటం అని చట్టమే అంటుంది. అంటే నష్టాన్ని చూసేటప్పుడు అన్ని పనులనూ చూస్తుంది. డబ్బు దగ్గరకు వచ్చేసరికి ఒక్క యజమానినే చూస్తుంది. ఇంగ్లండులో 1906 నాటి కార్మిక పరిహార చట్టంలో ఈ లోటు లేదు. ఒక పూట ఒకరి వద్ద, మరో పూట మరొకరి వద్ద పనిచేసే కార్మికుడికి అన్ని చోట్ల సంపాదననూ కలిపి, ప్రమాదం జరిగిన చోటనే సంపాదించినట్లు లెక్కగట్టాలని అందులో స్పష్టంగా రాశారు. మన 1923 చట్టం చాలావరకు ఆ ఒరవడిలో వచ్చినదే అయినా ఆ నిబంధన మాత్రం ఇక్కడికి రాలేదు. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే గనిలో పగలంతా పనిచేసే కూలీని తలచుకుని రాశారేమోనని నా అభిప్రాయం. పల్లెటూరి మనిషి ఎప్పుడూ ఒక్క పనితో బతకలేదు.

శాతం విషయంలో మాత్రం కొంత వెసులుబాటు వున్నది. 1975లో సుప్రీంకోర్టుకు ఒక వడ్రంగి కేసు వచ్చింది. అతనికి ఎడమచెయ్యి మోచేతిపై నుంచి పోయింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు గనుక నష్టాన్ని నూటికి నూరు శాతంగా తీసుకోవటం సబబేనని కోర్టు చెప్పింది. కాబట్టి బరువులు మోయటం తప్ప మరో పని రాని హెల్పరు పట్టికలోని 60 శాతంతోనే సరిపెట్టుకోనక్కరలేదు, ఎక్కువ అడగవచ్చు.

చట్టాన్ని మనం మార్చలేము గాని జీతాల రిజిస్టరు మన చేతిలోనే వున్నది. నేను తనిఖీ చేసిన ఒక సంఘంలో హెల్పరుకు మూడు వేలు ఇస్తూ, వోచరులో జీతం 1,800, "ఇతర ఖర్చులు" 1,200 అని రాశారు. ఎందుకని అడిగితే, "ఏముంది సార్, మొదటినుంచీ అలాగే రాస్తున్నాం" అన్నారు కార్యదర్శిగారు. పైన చెప్పిన చెయ్యి ఆ సంఘంలో పోయివుంటే వచ్చేది రూ. 1,19,342లే. ఒక తప్పుడు పద్దు వల్ల ఆ కుటుంబానికి దాదాపు 80 వేలు పోయేవి. టెస్టరుకు ఇచ్చేది "గౌరవ వేతనం" అని, "కమీషన్" అని రాసే సంఘాలు యింకా వున్నవి. రేపు యాసిడ్ చింది అతని కన్ను పోతే, అసలు అతను ఉద్యోగియేనా అన్న తగాదాకు మనమే దారి తీసినట్లు. పూటపనివాడు గదా, తాత్కాలికపు మనిషి గదా అన్న వాదన 2000 డిసెంబరు సవరణతోనే పోయింది.

బీమా పాలసీ తీసుకునే సంఘాలు కూడా ప్రీమియం తగ్గుతుందని జీతం తక్కువ చూపరాదు. కంపెనీ తాను ఒప్పుకున్న జీతం మేరకే చెల్లిస్తుంది, మిగిలినది సంఘం నెత్తిన పడుతుంది. ఇది గాక, రెండు పనుల మనిషికి జీతంతో నిమిత్తం లేని బీమా ఒకటి వుండటం మంచిది. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి రూ. 20లు కడితే ప్రమాదంలో మరణిస్తే రెండు లక్షలు, ఒక చెయ్యి పోతే లక్ష వస్తుంది. 18 నుంచి 70 ఏళ్ల వారు చేరవచ్చు.

సభ్యులలో చాఫ్ కట్టరుకు మోటారు బిగించుకున్నవారు చాలామంది. విద్యుత్తుతో నడిచే సాధనాలతో వ్యవసాయం చేసే చోట పనిచేసేవారు కూడా చట్టం జాబితాలో వున్నారు. కాబట్టి "నేను రైతును, ఇది నాకెందుకు" అని ధీమాగా వుండటానికి వీలులేదు. మీ పాలేరును పక్కింటివారు ఒక పూట ఎరువు తీసుకుంటే 1923 చట్టం ప్రకారం ఆ పూటకు వారే యజమాని. దెబ్బ తగిలితే బాధ్యతా వారిదే.

ఇంటినుంచి పనికి పోతూ, పని ముగించి ఇంటికి వస్తూ జరిగే ప్రమాదానికి కూడా, పనితో సంబంధం రుజువైతే, పరిహారం వుంటుందని కొత్త స్మృతిలో చేర్చారు. అయితే అందులో వున్నది ఇల్లు, పనిచోటు మాత్రమే. పాలకేంద్రం నుంచి తిన్నగా మిల్లుకు సైకిలు మీద పోతూ పడిపోయిన వాడికి ఎవరివ్వాలన్నది తగవు కాగలదు. అటువంటప్పుడు అతను కేంద్రంలో ఎన్ని గంటలకు దిగాడో హాజరు పుస్తకంలో వేళతో సహా వుండటం ఎంతో ఉపయోగం.

ప్రమాదం జరిగిన రోజే మినిట్స్ పుస్తకంలో రాసి, లేబరు ఆఫీసుకు తెలియజేయండి. క్లెయిము రెండేళ్లలోపు వేయాలి. చెల్లింపు నెల దాటితే 12 శాతం వడ్డీ కూడా సంఘం మీద పడుతుంది.