సూదిమందులో బుల్లి ఫుట్‌బాల్!

నలుపూ తెలుపూ ఫుట్‌బాల్ చూశారుగా? ఐదు మూలల నల్ల ముక్కలు 12, ఆరు మూలల తెల్ల ముక్కలు 20. సరిగ్గా ఇదే లెక్కతో కట్టిన కోవిడ్ టీకా ఒకటుంది. పేరు స్కైకోవియోన్. కాకపోతే ఈ బంతిని ఎవరూ కుట్టక్కర్లేదు. ముక్కల్ని కలిపితే చాలు, అవే అతుక్కుని బంతి అయిపోతాయి!

అసలు బంతే ఎందుకు? వైరస్ ఒంటినిండా ఒకే రకం ప్రొటీన్లు వరసగా గుచ్చినట్టు ఉంటాయి. మన రోగనిరోధక వ్యవస్థ పసిగట్టేది ఆ వరసనే. ఒక్క ప్రొటీన్ ముక్క విడిగా వస్తే అంతగా పట్టించుకోదు. అవే ముక్కలు పదుల్లో పక్కపక్కనే కనిపిస్తే మాత్రం, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు గట్టిగా మేల్కొంటాయి.

అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో నీల్ కింగ్, డేవిడ్ వీస్లర్ బృందాలు ఈ కిటుకునే వాడుకున్నాయి. మూడేసి ప్రొటీన్ల గుత్తులు 20, ఐదేసి ప్రొటీన్ల గుత్తులు 12.. మొత్తం 120 ప్రొటీన్లు. మూడేసి గుత్తుల్లోని ప్రతి ప్రొటీన్‌కీ కరోనా స్పైక్‌లో మన కణాన్ని పట్టుకునే భాగాన్ని తగిలించారు. అంటే బంతి మీద 60 కొమ్ములు! చూపులకి వైరస్సే. కానీ లోపల వైరస్ జన్యువులు లేవు కాబట్టి జబ్బు చేయదు.

బంతి టీకా మనకి కొత్తేం కాదు. 1997లో హైదరాబాద్ కంపెనీ శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకాలోనూ ప్రొటీన్లు వాటంతటవే బుల్లి బంతులవుతాయి. అయితే ఆ గుణం ఆ వైరస్ ప్రొటీన్‌కి పుట్టుకతోనే వచ్చింది. స్కైకోవియోన్ బంతిని మాత్రం ఏ అంచు ఏ అంచుకి అతకాలో కంప్యూటర్‌లో లెక్కేసి డిజైన్ చేశారు. కాబట్టి బంతిని అలాగే ఉంచి కొమ్ములు మార్చుకోవచ్చు. నాలుగు రకాల ఫ్లూ ప్రొటీన్లు గుచ్చిన ఇలాంటి బంతి 2021లోనే మనుషులపై పరీక్షలకు వెళ్లింది.

మరి స్కైకోవియోన్ ఏమైంది? 4,037 మందిపై జరిగిన ట్రయల్‌లో, మనం కోవిషీల్డ్‌గా వేయించుకున్న ఆస్ట్రాజెనెకా టీకా కంటే వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు దాదాపు మూడు రెట్లు వచ్చాయి. దాచడానికి 2-8 డిగ్రీల మామూలు ఫ్రిజ్ చాలు. 2022 జూన్‌లో దక్షిణ కొరియా అనుమతిచ్చింది. కానీ అప్పటికే జనం వేరే టీకాలు వేయించేసుకున్నారు, ఒమిక్రాన్ కూడా వచ్చేసింది. గిరాకీ లేక కొన్ని నెలలకే తయారీ ఆగిపోయింది.

మంచి టీకా, లేటుగా వచ్చింది. బంతి డిజైన్ మాత్రం చేతిలోనే ఉంది. రేపు మరో మహమ్మారి వస్తే మొదట్నుంచీ మొదలెట్టక్కర్లేదు. కొమ్ములు మార్చి పరీక్షలకు పంపడమే!